మిద్దె ఉరుస్తోందా? రబ్బర్ షీట్ వేయించే ముందు ఇవి తెలుసుకోండి.. పడమటి మండలాల్లో వాన కంటే ఎండే అసలు శత్రువు!

* రబ్బర్ కోటింగ్, రబ్బర్ షీట్ ఒకటి కాదు.. పేరు చూసి మోసపోవద్దు
* గ్యాస్ మంటతో అతికించేది ఈపీడీఎం రబ్బర్ కాదు
* షీట్ ఎంత మంచిదైనా పిట్టగోడ దగ్గర, తూము దగ్గర తేడా వస్తే డబ్బు వృథా
* చువ్వలకు తుప్పు పట్టాక పైన ఏం పరిచినా లాభం లేదు

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో స్క్రోలింగ్ కనిపిస్తే చాలు.. తంబళ్లపల్లె, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు చాలా ఇళ్లలో ముందుగా కదిలేవి బకెట్లు, గిన్నెలు. ఫ్యాన్ కొక్కెం చుట్టూ తడి మరక. గోడ మూలన నల్లటి చార. బియ్యం మూట ఎక్కడ పెట్టాలి, పిల్లల పుస్తకాలు ఎక్కడ దాచాలి అన్న కంగారు. 2021 నవంబర్ వానలు ఈ ప్రాంతం ఇంకా మర్చిపోలేదు. ఆ నెల 19న చెయ్యేరు మీదున్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఉమ్మడి చిత్తూరు, కడప జిల్లాల్లో ఊళ్లకు ఊళ్లు నీళ్లలో చిక్కుకున్నాయి.

వాన ఆగాక మొదలయ్యేది ఇంకో తంతు. ఒకరు సిమెంటు పాలు పోయమంటారు. ఇంకొకరు డబ్బాలో వచ్చే కోటింగ్ కొట్టించమంటారు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ అదే మరక, మళ్లీ అదే ఖర్చు. ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న మాట 'రబ్బర్ షీట్'. అమెరికాలో, యూరప్‌లో పెద్ద పెద్ద భవనాల మీద దశాబ్దాలుగా పరుస్తున్న సింథటిక్ రబ్బర్ పొర ఇది. మరి అది మన మిద్దెలకు పనికొస్తుందా? వేయించే ముందు ఏం చూసుకోవాలి?

వానలు తక్కువే.. మరి మిద్దె ఎందుకు ఉరుస్తుంది?

పడమటి మండలాలు కరువు ప్రాంతం. కోస్తాతో పోలిస్తే ఇక్కడ వానలు తక్కువ. అయినా మిద్దెలు ఉరుస్తున్నాయంటే కారణం వాన ఒక్కటే కాదు. ఏడాదిలో వాన పడే రోజులు కొన్నే. ఎండ మాత్రం దాదాపు ఏడాది పొడవునా ఉంటుంది. మిద్దెను లోపల్లోపల పాడు చేసేది ఆ ఎండే. వాన వచ్చి ఆ సంగతి బయటపెడుతుంది, అంతే.

ఎలాగంటే.. వేసవిలో మధ్యాహ్నం గాలి వేడి 40 డిగ్రీల దగ్గరుంటే, స్లాబ్ పైభాగం 55 నుంచి 60 డిగ్రీల దాకా కాలిపోతుంది. సాయంత్రం ఒక్కసారిగా గాలివాన కొడితే నిమిషాల్లో చల్లబడుతుంది. కాంక్రీట్ వేడికి సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. 10 మీటర్ల పొడవున్న స్లాబ్‌లో 30 డిగ్రీల తేడా వస్తే పొడవు సుమారు 3 మిల్లీమీటర్లు మారుతుంది.

3 మిల్లీమీటర్లేగా అనిపించొచ్చు. కానీ ఇది రోజూ జరుగుతుంది. ఏళ్ల తరబడి సాగి, ముడుచుకుని స్లాబ్ మీద వెంట్రుక మందం పగుళ్లు పడతాయి. పైన పూసిన సిమెంటు పాలు గట్టిగా ఉంటాయే తప్ప సాగవు. కింద పగులు కదిలితే పైన పూత కూడా అదే చోట చీలుతుంది. అందుకే పూసిన ఏడాది బాగానే ఉండి, ఆ తర్వాత సరిగ్గా పాత చోటే మళ్లీ కారడం మొదలవుతుంది.

అంటే మిద్దె మీద వేసే పొరకు రెండు గుణాలు ఉండాలి. ఒకటి, కింద స్లాబ్ కదిలితే తనూ సాగాలి. రెండోది, ఏళ్ల తరబడి ఎండకు పెళుసు బారకూడదు.

తాతల కాలంలో చవుడు చేసిన పని ఇదే

రాయలసీమ మట్టి మిద్దెలు చూసినవాళ్లకు ఈ లెక్క కొత్తేం కాదు. దూలాలు, దంతెలు వేసి, పైన మట్టి కప్పి, చివరగా చవుడు పరిచేవాళ్లు. వానాకాలం ముందు మళ్లీ కొంచెం చవుడు చల్లి సరిచేసుకునేవాళ్లు.

పంట పండని చవుడు మట్టి ఇంటి మీద ఎందుకు? ఆ మట్టిలో సోడియం ఎక్కువ. తడి తగలగానే అందులోని బంకమట్టి రేణువులు విడిపోయి సన్నటి రంధ్రాల్లోకి వెళ్లి కూరుకుంటాయి. నీళ్లు కిందికి దిగే దారి మూసుకుపోతుంది. పొలంలో నీళ్లు ఇంకనివ్వని గుణమే మిద్దె మీద మేలు చేసింది. పగులు వచ్చినా, తడిసినప్పుడు మట్టి మెత్తబడి తనంతట తానే సర్దుకునేది.

మట్టి మిద్దెలు పోయి కాంక్రీట్ స్లాబులు వచ్చాయి. బలం పెరిగింది. కానీ పగుళ్లను సర్దుకునే ఆ మెత్తటి పొర మాత్రం పోయింది. ఇప్పుడు రబ్బర్ షీట్‌తో వెనక్కి తెచ్చుకోవాలని చూస్తున్నది ఆ పొరనే.

ఈపీడీఎం.. పేరు కొత్త, వస్తువు పాతదే

మిద్దెల మీద ఎక్కువగా వాడే సింథటిక్ రబ్బర్ పేరు ఈపీడీఎం. ఇథిలీన్, ప్రొపిలీన్, డయీన్ అనే మూడు రసాయనాలు కలిపి తయారు చేస్తారు. పేరు వినకపోయినా ఈ రబ్బర్ మీ కళ్ల ముందే ఉంటుంది. కారు డోర్ చుట్టూ ఉండే నల్లటి మెత్తని అంచు చాలా వరకు ఇదే. షెడ్డు రేకులకు కొట్టే స్క్రూ తల కింద నల్ల వాషర్ ఉంటుంది కదా.. మంచి రకమైతే అదీ ఇదే.

ఈ రబ్బర్‌కు దారి వేసింది జర్మనీ శాస్త్రవేత్త కార్ల్ జీగ్లర్, ఇటలీ శాస్త్రవేత్త గియులియో నట్టా. వాళ్లు కనిపెట్టిన ఉత్ప్రేరకాలతోనే ఇథిలీన్, ప్రొపిలీన్‌లను ఇలా గొలుసులుగా కలపడం కుదిరింది. 1963లో ఇద్దరికీ కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 1960ల్లోనే ఈపీడీఎం మార్కెట్లోకి వచ్చింది. 1973 తర్వాత చమురు ధరలు మండిపోయి తారు ఖరీదెక్కడంతో అమెరికాలో భవనాల కప్పుల మీద దీని వాడకం బాగా పెరిగింది.

మామూలు రబ్బర్ పగులుతుంది.. ఇది ఎందుకు పగలదు?

ఎండలో చాలాకాలం నిలబెట్టిన సైకిల్ టైరు పక్కలు చూడండి. సన్నటి నెర్రెలు కనిపిస్తాయి. కిటికీలో వదిలేసిన రబ్బర్ బ్యాండ్ కొన్నాళ్లకు ముట్టుకుంటేనే తెగిపోతుంది. చెట్టు పాల నుంచి వచ్చే రబ్బర్‌లో అణువులు పొడవాటి గొలుసుల్లా ఉంటాయి. ఆ గొలుసుల్లో అక్కడక్కడా బలహీనమైన కొక్కేలు ఉంటాయి. గాలిలోని ఓజోన్ సరిగ్గా అక్కడే దెబ్బ కొట్టి గొలుసును తెంపుతుంది. ఎండ ఆ పనిని ఇంకా వేగంగా చేస్తుంది.

ఈపీడీఎం అసలు గొలుసులో ఆ బలహీనమైన కొక్కేలు లేవు. రబ్బర్‌ను గంధకంతో ఉడికించి గట్టిపరచడానికి కావాల్సిన కొక్కేలు మాత్రం గొలుసుకు పక్కన వేలాడుతూ ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలినా అసలు గొలుసు తెగదు. ఎండకు తట్టుకునే రహస్యం ఇదే. సాగే గుణం కూడా ఎక్కువే. మంచి షీట్ తెగే ముందు తన పొడవుకు మూడు రెట్లకు పైగా అదనంగా సాగుతుంది. స్లాబ్ పగులు కదలిక దానికి లెక్కలోది కాదు.

మరి నలుపు రంగు ఎందుకు? అందులో కలిపే కార్బన్ బ్లాక్ వల్ల. ఎండలోని అతినీలలోహిత కిరణాలను ఆ మసి పీల్చుకుని రబ్బర్‌ను కాపాడుతుంది. టమాటా రైతులు ఫారం పాండ్‌లో పరిచే షీట్ నల్లగా ఉండటానికీ కారణం ఇదే. అయితే ఫారం పాండ్ షీట్ సాధారణంగా హెచ్‌డీపీఈ ప్లాస్టిక్, రబ్బర్ కాదు. అది గట్టిగా ఉంటుంది. మూలల్లో మడిచినచోట ఒదగదు. మిగిలింది ఉంది కదా అని ఆ ముక్కను మిద్దె మీద పరిస్తే అంచుల దగ్గర లేచిపోయి, కిందికి చేరిన నీళ్లు అక్కడే నిలిచిపోతాయి.

'రబ్బర్' అని అమ్మేదంతా రబ్బర్ కాదు

జనం దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. మార్కెట్లో రబ్బర్ పేరుతో వచ్చేవి నాలుగు రకాలు.

మొదటిది, డబ్బాలో వచ్చే 'రబ్బర్ కోటింగ్'. బ్రష్‌తోనో, రోలర్‌తోనో కొడతారు. ఇది ఎక్కువగా యాక్రిలిక్ లేదా పాలీయురేథేన్ పూత. ఆరాక కొంచెం సాగుతుంది కాబట్టి రబ్బర్ అంటారు. ఖర్చు తక్కువ, చిన్న పగుళ్లకు పర్లేదు. కానీ పూత మందం కొట్టే మనిషి చేతిలో ఉంటుంది. రెండు కోట్లు అని చెప్పి నీళ్లు కలిపి ఒకటిన్నర కోటు కొడితే ఎవరికీ తెలియదు.

రెండోది, తారు షీట్. రోల్ రూపంలో వస్తుంది. కింద గ్యాస్ మంట పెట్టి కరిగించి అతికిస్తారు. తారులో ఏపీపీ అనే ప్లాస్టిక్ కానీ, ఎస్‌బీఎస్ అనే సింథటిక్ రబ్బర్ కానీ కలుపుతారు. మన దగ్గర షీట్ వాటర్‌ప్రూఫింగ్ అంటే ఎక్కువగా ఇదే.

మూడోది, టీపీఓ లేదా పీవీసీ షీట్. ఇవి ప్లాస్టిక్ జాతి. ఎక్కువగా తెల్లగా ఉంటాయి. వేడి గాలి యంత్రంతో అతుకులు కలుపుతారు.

నాలుగోది, అసలు ఈపీడీఎం. ఒకసారి ఉడికి గట్టిపడిన రబ్బర్ మళ్లీ కరగదు. అందుకే మంటతో, వేడి గాలితో దీన్ని అతికించలేరు. ప్రైమర్ పూసి, ప్రత్యేకమైన టేపుతో అతుకులు వేయాలి.

గుర్తుపట్టే సులువైన దారి ఇదే. ఈపీడీఎం వేస్తామని చెప్పిన మనిషి గ్యాస్ సిలిండర్, టార్చ్ తెచ్చాడంటే అది తారు షీట్. తారు షీట్ చెడ్డదని కాదు. దానికి ఈపీడీఎం ధర కట్టకూడదు, అంతే.

బరువులో భారీ తేడా

పాత పద్ధతిలో స్లాబ్ మీద ఇటుక ముక్కలు, సున్నం లేదా సిమెంటు కలిపి నాలుగు అంగుళాల మందాన దిమ్మిస కొట్టేవాళ్లు. మేస్త్రీ పనితనం బాగుంటే అది ఏళ్ల తరబడి నిలిచేది. కానీ బరువు ఎక్కువ. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద ఆ పొర ఒక్కటే 16 టన్నుల దాకా తూగుతుంది. అదే 1.5 మిల్లీమీటర్ల ఈపీడీఎం షీట్ అయితే మొత్తం మిద్దెకు 200 కిలోల లోపే. ఇప్పటికే పాతబడిన స్లాబ్ మీద ఇంకో బరువు ఎక్కించడం కంటే ఇది మేలు. ఈ షీట్ సాధారణంగా 1.1, 1.5, 2.2 మిల్లీమీటర్ల మందాల్లో దొరుకుతుంది. మనుషులు తిరిగే మిద్దెకు 1.5కు తగ్గకుండా చూసుకోవడం మంచిది.

షీట్ మధ్యలో కారదు.. అంచుల్లో కారుతుంది

వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్లో తెలుసా? దాదాపు 4,600 లీటర్లు. అంటే దాదాపు ఒక వాటర్ ట్యాంకర్. ఆ నీళ్లన్నీ తూము వైపు పోవాలి. వాటం లేకపోతే మిద్దె మధ్యలో మడుగు కడతాయి.

అందుకే షీట్ పరచడానికి ముందే పని మొదలవుతుంది. ప్రతి మీటరుకు కనీసం ఒక సెంటీమీటరు చొప్పున తూము వైపు వాటం ఉండాలి. ఊడిన పెచ్చులు తీసేయాలి, పగుళ్లు నింపాలి, దుమ్ము పూర్తిగా ఊడ్చాలి, స్లాబ్ బాగా ఆరాలి. తడి స్లాబ్ మీద షీట్ అతికిస్తే, ఎండకు కింది తడి ఆవిరై షీట్‌ను బుడగల్లా పైకి లేపుతుంది. వానలు మొదలయ్యాక హడావుడిగా వేయించే పనులు చెడిపోవడానికి ఇదో కారణం. అందుకు సరైన కాలం ఫిబ్రవరి నుంచి మే వరకు.

ఇక అంచులు. పిట్టగోడ, స్లాబ్ కలిసే మూలను సిమెంటుతో గుండ్రంగా నింపాలి. షీట్‌ను నేల మీదే ఆపేయకుండా పిట్టగోడ మీదికి కనీసం అర అడుగు ఎక్కించాలి. పై అంచును గోడలో గాడి తీసి దోపాలి, లేదంటే లోహపు పట్టీతో బిగించి సీలెంట్ పెట్టాలి. తూము పైపు నోట్లోకి షీట్ దిగాలి. ట్యాంకు దిమ్మెలు, సోలార్ హీటర్ కాళ్లు, డిష్ స్టాండ్.. ఇలా మిద్దెకు బోల్టులు దిగిన ప్రతి చోటా విడిగా ముక్క కోసి చుట్టాలి.

ఈ షీట్ చాలా వెడల్పుగా దొరుకుతుంది. చిన్న ఇంటికైతే ఒకటి రెండు అతుకులతోనే పని అయిపోవచ్చు. అతుకులు ఎంత తక్కువైతే అంత మేలు. పని సరిగ్గా జరిగితే ఇలాంటి షీట్లు రెండు, మూడు దశాబ్దాలు నిలుస్తాయి. అంచు దగ్గర బద్ధకిస్తే మాత్రం మొదటి వాయుగుండానికే బయటపడుతుంది.

మన మిద్దె మీద మనుషులుంటారు.. అసలు చిక్కు అక్కడే

అమెరికాలో ఈ షీట్ పరిచిన కప్పుల మీదికి మరమ్మతుకు తప్ప ఎవరూ ఎక్కరు. మన దగ్గర మిద్దె అంటే ఇంట్లో ఇంకో గది. వేరుశనగ ఆరబోస్తారు. చింతపండు, వడియాలు, మిరపకాయలు ఎండబెడతారు. ఎండాకాలం రాత్రి మంచాలు వేసుకుంటారు. పిల్లలు గాలిపటాలు ఎగరేస్తారు. ఇనుప మంచం కోడు ఈడ్చినా, పదునైన రాయి కాలికింద పడినా షీట్‌కు చిల్లు పడొచ్చు.

ఇంకో బలహీనత నూనె. ఈపీడీఎం నీళ్లకు, ఎండకు లొంగదు కానీ నూనె, పెట్రోల్, డీజిల్, గ్రీజు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మిద్దె మీద జనరేటర్ పెట్టినవాళ్లు, హోటల్ వంటగది పొగగొట్టం మిద్దె మీదికి వదిలినవాళ్లు జాగ్రత్తగా ఉండాలి.

మూడోది వేడి. నల్ల షీట్ ఎండను పీల్చుకుంటుంది. అలాగే వదిలేస్తే కింద గదిలో ఉక్క పెరుగుతుంది. చెప్పుల్లేకుండా పైన కాలు పెట్టలేరు. కప్పుల వేడి ఇప్పుడు ప్రభుత్వాలు పట్టించుకునే విషయం కూడా. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానమే తెచ్చింది.

వీటన్నిటికీ ఒక దారి ఉంది. షీట్ మీద మెత్తటి జియోటెక్స్‌టైల్ గుడ్డ పరిచి, దానిపైన తెల్ల కూలింగ్ టైల్స్ కానీ, సిమెంటు పలకలు కానీ వేయించడం. అప్పుడు ఎండ, కాళ్లు, మంచాలు.. అన్నీ టైల్స్ మీద పడతాయి. రబ్బర్ కింద భద్రంగా ఉంటుంది. ఖర్చు, బరువు పెరుగుతాయి. ఎవరూ ఎక్కని మిద్దె అయితే రబ్బర్‌కు సరిపడే తెల్ల పూత ఒక్కటి వేసినా వేడి తగ్గుతుంది.

ఇంత ఖర్చు అందరికీ అవసరమా? లేదు. ఇల్లు కొత్తదై, ఒకటి రెండు సన్న పగుళ్లే ఉంటే, వాటిని సరిగ్గా నింపి మంచి పూత వేస్తే సరిపోవచ్చు. మిద్దె మొత్తం పగుళ్లుండి, ఏటా డబ్బు పోస్తున్నవాళ్లు షీట్ గురించి ఆలోచించాలి.

రేకుల షెడ్డు ఉన్నవాళ్లకు

పాల షెడ్డు, టమాటా గ్రేడింగ్ షెడ్డు, కోళ్ల ఫారం.. వీటికి మొత్తం షీట్ పరచక్కర్లేదు. రేకుల షెడ్డు ఎక్కువగా కారేది స్క్రూ రంధ్రాల దగ్గర, రేకుల అతుకుల దగ్గర. చవక వాషర్లు కొన్నేళ్లకే ఎండకు పగిలిపోతాయి. డ్రిల్‌తో మరీ బిగిస్తే మంచి వాషర్ కూడా నలిగి పక్కకు జారుతుంది. ఈపీడీఎం వాషర్ ఉన్న స్క్రూలే అడిగి తీసుకుని, వాషర్ కొద్దిగా నొక్కుకునేంత వరకే బిగించాలి.

అడ్వాన్స్ ఇచ్చే ముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

1. మీరు వేసేది పూతా, తారు షీటా, ప్లాస్టిక్ షీటా, ఈపీడీఎమ్మా? బిల్లు మీద పేరు రాస్తారా?
2. మందం ఎంత? రోల్ మీద ముద్ర చూపిస్తారా?
3. అతుకులు దేనితో వేస్తారు? ఎంత మేర ఒకదాని మీద ఒకటి వస్తుంది?
4. పిట్టగోడ మీదికి ఎంత ఎత్తు ఎక్కిస్తారు? పై అంచు ఎలా బిగిస్తారు?
5. వాటం సరిచేయడం ఈ ధరలోనే ఉందా, వేరేనా?
6. పని అయ్యాక తూము మూసి, 24 నుంచి 48 గంటలు నీళ్లు నిలబెట్టి చూపిస్తారా?

చివరి ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. రెండు అంగుళాల లోపు నీళ్లు నిలబెట్టి కింద గదిలో సీలింగ్ చూస్తే నిజం తెలిసిపోతుంది. పైన టైల్స్ వేయించాలంటే ఈ పరీక్ష అయ్యాకే వేయించాలి. ఆ తర్వాతే మిగిలిన డబ్బు ఇవ్వాలి. స్లాబ్ మరీ పాతదైతే ఆ నీటి బరువు మోస్తుందా లేదా ముందే ఇంజినీర్‌ను అడగాలి.

ఈ గుర్తులు కనిపిస్తే షీట్ ఆలోచన పక్కన పెట్టండి

సీలింగ్ నుంచి పెచ్చులు ఊడుతున్నాయా? చువ్వ పొడవునా ఎర్రటి చార, గీత గీసినట్టు పగులు కనిపిస్తోందా? అంటే నీళ్లు చువ్వల దాకా చేరి తుప్పు మొదలైంది. తుప్పు పట్టిన ఇనుము రెండు రెట్లకు మించి ఉబ్బుతుంది. లోపలి నుంచి కాంక్రీట్‌ను నెట్టేస్తుంది. ఒకరోజు పెచ్చు ఊడి కింద పడుకున్నవాళ్ల మీద పడుతుంది. ఆ దశలో పైన ఏ షీట్ పరిచినా లోపలి తుప్పు పోదు. పైగా పైన అంతా కొత్తగా కనిపించి ప్రమాదం దాగిపోతుంది. ముందు సివిల్ ఇంజినీర్‌కు చూపించి స్లాబ్‌కు మరమ్మతు చేయించాలి. ఆ తర్వాతే పై పొర గురించి ఆలోచించాలి.

మిద్దె మీద తడి మరక చిన్నగా ఉన్నప్పుడే పట్టించుకుంటే పోయేది కొంత డబ్బు. వచ్చే వాయుగుండం దాకా చూద్దాంలే అనుకుంటే పోయేది స్లాబ్. ఈసారి ఎండలు ముదిరినప్పుడు ఒకసారి మిద్దె ఎక్కి తూము శుభ్రం చేసి, బకెట్‌తో నీళ్లు పోసి ఎటు పోతున్నాయో చూడండి. ఏ షీట్ కొనాలో తేల్చుకునే ముందు చేయాల్సిన మొదటి పని అదే. దానికి పైసా ఖర్చు లేదు.